బళేపేట సర్కిల్లో మంచుబండి పందెం

బెంగళూరు శ్రీమంతులకు ఒక మనవి. వేలకు వేలు పోసి మంచుదేశపు హస్కీ కుక్కలను కొన్నారు, ఏసీ గదుల్లో పడుకోబెట్టారు. ఇక పందెం ఒక్కటే తక్కువ. అదీ కానిచ్చేయండి.

అలాస్కాలో ఆంకరేజ్ నుంచి నోమ్ దాకా 1973 నుంచి ఇడిటరాడ్ అనే పందెం నడుస్తోంది. కుక్కలు లాగే మంచుబండ్ల మీద దాదాపు 1,600 కిలోమీటర్లు. మనం అంత దూరం పోనక్కర్లేదు. బళేపేట సర్కిల్లో మొదలుపెట్టి మెజెస్టిక్‌లో ముగిద్దాం. వాద్యాల దుకాణాలు అక్కడే ఉన్నాయి కాబట్టి డోలూ సన్నాయీ చేతికందుతాయి. దూరం కూతవేటే గానీ, పెళ్లిళ్ల సీజన్‌లో ఆ సందులు దాటడం అలాస్కా వీరులకైనా గగనమే.

మంచు లేదంటారా? 2016 మార్చిలో ఆంకరేజ్‌లోనే లేదు. ఆరంభోత్సవం కోసం ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి రైల్లో తెప్పించి వీధిలో పరిచారు. మనకూ మెజెస్టిక్ ఎదురుగానే రైల్వే స్టేషను! ఆ మరుసటి నెలే బెంగళూరు ఎండ 39.2 డిగ్రీలకు చేరి రికార్డు కొట్టింది. అదే నెలలో, పిల్లల్ని పుట్టించి అమ్ముకోవడానికి విదేశీ కుక్కల్ని దిగుమతి చేసుకోవడాన్ని కేంద్రం నిషేధించింది. మోజు మాత్రం ఏ నోటిఫికేషన్‌కూ లొంగలేదు.

పందెంలో పరుగెత్తే కుక్క రోజుకు 10,000 కేలరీల దాకా ఖర్చు చేస్తుంది. మన హస్కీకి ఉన్న పనల్లా సోఫా మీంచి లేచి ఏసీ కిందికి చేరడం. దాన్ని షికారుకు తిప్పేది డ్రైవరు, అది చేసిన మురికి ఎత్తేది పనిమనిషి, సెల్ఫీ దిగేది యజమాని.

పని ఒకరిది, పేరు ఇంకొకరిది అనే ఈ పద్ధతికి చరిత్రలో ఆధారం ఉంది లెండి. 1925లో నోమ్‌లో పిల్లలకు డిఫ్తీరియా సోకితే, 20 మంది బండివాళ్లు, సుమారు 150 కుక్కలు వంతులవారీగా వెయ్యి కిలోమీటర్లకు పైగా మందు మోసుకెళ్లారు. అయిదున్నర రోజులు పట్టింది. అందరికంటే ఎక్కువ దూరం లాగింది టోగో అనే కుక్క జట్టు. చివరి మజిలీలో ముందు నడిచింది బాల్టో అనే కుక్క. ఆ ఏడాదే న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం వెలిసింది. ఎవరికి? బాల్టోకి! వేరేవాళ్లు వేసిన రోడ్డుకు రిబ్బను కత్తిరించే మన నాయకులకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ విగ్రహవీరుడు కూడా రెండేళ్లు తిరక్కుండా లాస్ ఏంజెలెస్‌లో డబ్బులు తీసుకుని చూపించే ప్రదర్శనశాలలో తేలాడు. క్లీవ్‌లాండ్ జనం చందాలు వేసుకుని విడిపించారు. బాల్టో గతే అదైతే, బొచ్చు రాలుతోందనీ రాత్రంతా ఊళ పెడుతోందనీ విసుగెత్తిన ఇంట్లో హస్కీ గతి ఊహించుకోండి.

ఇడిటరాడ్ ఏమీ పుణ్యకార్యం కాదు. అక్కడా కుక్కలు చచ్చాయి, జంతుప్రేమికులు దశాబ్దాలుగా తిడుతూనే ఉన్నారు. అయినా దానికి నియమాలున్నాయి. దారిలో ఒకచోట ప్రతి జట్టూ 24 గంటలు ఆగి తీరాలి. మజిలీల్లో పశువైద్యులుంటారు. కుక్క కాళ్లకు మేజోళ్లు తొడుగుతారు. బళేపేటలో గుడ్డల మూట నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నపు ఎండలో పరుగెత్తే హమాలీకి ఈ నియమాలు చదివి వినిపిస్తే, వచ్చే జన్మకు అలాస్కా కుక్కగా పుట్టించమని మొక్కుకుంటాడు.

మనకు కుక్కలు లేక కాదు. కర్ణాటకకు ముధోళ్ ఉంది. 2005లో దాని పేర తపాలా బిళ్ల కూడా వేశారు. ఎండలో పరుగెత్తగలదు, వేటాడగలదు. కాకపోతే నీలికళ్లు లేవు, ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులు రాలవు.

అయ్యా, అమ్మా, పందెం మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీరు కొనడం మానండి. అమ్మేవాడు సగం ధరకిస్తానన్నా, పిల్లవాడు అన్నం మానేసినా, ఇంట్లో రెండు ఏసీలున్నా హస్కీని కొనకండి. కుక్క లేనిదే ఇల్లు బోసిగా ఉందనిపిస్తే బళేపేటలో ఏ సందులోకైనా వెళ్లండి. ఈ ఎండకు పుట్టి ఈ ఎండకు పెరిగిన కుక్కలు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి.