ఉద్యోగంలో చేరే తమ్ముడికి తలకిందుల సలహాలు

ఆఫర్ లెటర్ వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ ఒకటే చెబుతారు: కష్టపడు, పైకి రా. నేను మాత్రం తక్కువ పనిచెయ్యమంటాను.

జీతానికి ఒప్పుకున్న పని శ్రద్ధగా చెయ్యి. ఆరు దాటాక ల్యాప్‌టాప్ మూసెయ్యి. ‘వీడికి ఎదగాలని లేదు’ అంటే అననీ. యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అన్నారు. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టం వారానికి పెట్టిన పరిమితి 48 గంటలే. రోజుకి ఎనిమిది గంటలే పని అని అడిగినందుకు 1886లో చికాగోలో కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లు సంపాదించిపెట్టిన సాయంత్రాన్ని నువ్వు ఊరికే తిరిగిచ్చేస్తావా?

ముప్పై ఏళ్లలోపు ఫ్లాటు కొనకు. అద్దె కట్టడం బూడిదలో పోసిన పన్నీరని మావయ్య అంటాడు. మార్క్స్ చెప్పింది విను: కార్మికుడికి ఉన్నవి రెండు స్వేచ్ఛలు. తన శ్రమశక్తిని నచ్చినవాడికి అమ్ముకోవచ్చు, ఇది మొదటిది. అమ్ముకోవడానికి అది తప్ప మరేమీ లేకపోవడం రెండోది. ఇరవయ్యేళ్ల ఈఎంఐ నెత్తినెక్కాక మొదటి స్వేచ్ఛ కాగితం మీదే మిగులుతుంది. రాజీనామా చెయ్యగలిగినవాడే మేనేజర్‌తో కాదని అనగలడు.

పాట వచ్చా? పాడుకో, యూట్యూబ్ ఛానల్ మాత్రం పెట్టకు. ఈ రోజుల్లో మనిషిని పిండడానికి యజమాని అక్కర్లేదు, తనను తానే పిండుకుంటూ అదే స్వేచ్ఛ అనుకుంటాడని కొరియాలో పుట్టి జర్మనీలో స్థిరపడిన తాత్వికుడు బ్యుంగ్-చుల్ హాన్ అంటాడు. వ్యూస్ లెక్కపెట్టడం మొదలైన రోజు ఆ పాట కూడా డ్యూటీయే.

ఆదివారం ఏ కోర్సూ చెయ్యకు. వందేళ్లలో వారానికి 15 గంటల పని చాలవచ్చని 1930లో ఆర్థికవేత్త కీన్స్ ఊహించాడు. యంత్రాలు ఆయన అనుకున్నట్టే వచ్చాయి. మిగిలిన గంటలు మాత్రం పనిచేసేవాళ్లకు దక్కలేదు. అవి మనకు రావాల్సిన బాకీ.

ఇంటి అప్పులు నీ మీద పడి ఉంటే ఇవన్నీ ఒక్కడివే పాటించలేవు. నాకు తెలుసు. పని వేళలు తగ్గితేనే అసలైన స్వేచ్ఛకు చోటు దొరుకుతుందని మార్క్స్ ‘పెట్టుబడి’ మూడో సంపుటంలో రాశాడు. చికాగోలోనైనా ఒంటరిగా అడిగినవాడికి వేళలు తగ్గలేదు. అందుకే అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఇది: నీ జీతమెంతో పక్కసీటువాళ్లకి చెప్పు, వాళ్లదెంతో అడుగు. జీతాల గుట్టు వల్ల లాభం కంపెనీకే. యూనియన్ ఉంటే చేరు. లేకపోతే మధ్యాహ్నం క్యాంటీన్‌లో నలుగురు కలిసి కూర్చున్నప్పుడు యూనియన్ మాట నువ్వే ఎత్తు.