ఏ కాలపు ప్లగ్గు?

పూర్వుల గృహమును జీర్ణోద్ధరణము చేయ బూనినవానికి గోడలవలన గాని, దూలములవలన గాని, తుదకు దాయాదులవలన గాని కలుగనంత చిక్కు ఒక్క ప్లగ్గువలన కలుగునన్న నమ్మువారు అరుదు. సున్నములో బెల్లపునీరును కరక్కాయనీరును కలిపి గచ్చు చేయు మేస్త్రి నేటికిని వెదకిన దొరకును. విరిగిన పెంకులకు బదులు పెంకులు, చెదతిన్న వాసములకు బదులు వాసములు, ధరకు వెరవనివానికి లభించును. కాని హేవలాక్ వంతెనమీద రైలుబండి గోదావరిని దాట నారంభించిన 1900 ప్రాంతమున పట్టిసీమలో కట్టిన మండువాలోగిలికి, ఆ కాలమునకు తగిన విద్యుత్ సాకెట్టు ఏదని అడిగినచో పండితులును ఇంజనీర్లును సమానముగా మౌనము వహింతురు. ఆ యింటికి గృహప్రవేశము జరిగిననాడు ఊరిలో వెలిగినవి ఆముదపు ప్రమిదలును కిరసనాయిలు బుడ్లును మాత్రమే గదా! ఇట్టి యింటికి కాలోచితమైన సాకెట్టు అనగా సాకెట్టు లేకపోవుటయే యని నేను సిద్ధాంతము చేసితిని. సెల్‌ఫోనులో చార్జింగు అడుగంటిన యింటివారెవ్వరును దాని నంగీకరింపలేదు.

మాకు పటములు గీసి యిచ్చినవాడు నా పెదనాన్నగారి మనుమడు, హైదరాబాదున ఆర్కిటెక్టు. ఫలక్‌నుమా సౌధమును 2010 లో హోటలుగా తెరచిన నాటినుండి, పాత కట్టడమేది కనబడినను దానికి ప్రాచీనశోభ కల్పింపనిదే నిద్రపట్టని తరమువాడు. నిజాముగారి కొండమీది మేడకును గోదావరి యొడ్డునగల మా మండువాకును గల సామ్యము రెండింటికిని కప్పు కలదనుటయే యని నేనెంత చెప్పినను వినక, "బాబాయ్! ఆ తెల్లటి ప్లాస్టిక్ మాడ్యులర్ బోర్డులు బిగిస్తే టేకు స్తంభాల మధ్య పళ్లడాక్టరు గది పెట్టినట్టుంటుంది. గోధుమరంగు బేకలైట్ సాకెట్లు, ఇత్తడి స్విచ్చిలు, వాటి కింద గుండ్రటి చెక్కదిమ్మలు, అంతే!" అని తీర్పు చెప్పి, ఇంగ్లండునందలి పాత బంగళాల బొమ్మలున్న లావుపాటి పుస్తకమును నా ఒడిలో పెట్టెను.

బొమ్మలు చూడముచ్చటగానే యున్నవి. వానిని చూచిన పిమ్మట ఆ వస్తువుల పుట్టుపూర్వోత్తరములను నేనును కొంత విచారించితిని. బేకలైట్‌ను బెల్జియములో పుట్టిన రసాయనజ్ఞుడు లియో బేక్‌లాండ్ అమెరికాలో 1907 లో కనిపెట్టెను. అనగా ఆ ప్రాచీనద్రవ్యముకంటె మా యిల్లే వయస్సున పెద్దది. గుండ్రని పిన్నుల ప్లగ్గునకు బ్రిటిషువారు ప్రమాణమును ప్రకటించినది 1934 లో. దానిని కాదని, పలకపిన్నులును లోపల ఫ్యూజును గల కొత్త ప్లగ్గునకు ప్రమాణమును వెలువరించినది 1947 లో. ఆహా, ఏమి ముహూర్తము! తెల్లవారు మనలను విడిచిన యేటనే తమ గుండ్రని పిన్నులకును ఉద్వాసన చెప్పిరి. మనము తెల్లవారిని సాగనంపి వారి పిన్నులను మాత్రము ఉంచుకొంటిమి. ఉంచుకొనుటయే గాక, వానికి ఐ.ఎస్. 1293 అని భారతీయ నామకరణము చేసి, 5 ఆంపియర్లను 6 గాను 15 ను 16 గాను సవరించి, ఇంటింట ప్రతిష్ఠించితిమి. కావున ఇంగ్లండున పాత యిండ్లపై మమకారముగల దొర వెదకి వెదకి సంపాదించు ఆ మూడు గుండ్రని రంధ్రములు, రాజమహేంద్రవరము మెయిన్‌రోడ్డున ఏ ఎలక్ట్రికల్ షాపువాని నడిగినను, వాడు పేపరునుండి తల యెత్తకుండ అందించును. ఈ సంగతి వినిపింపగా ఆర్కిటెక్టు కొంత చిన్నబోయి, "రంధ్రాలు కాదు బాబాయ్, వాటి చుట్టూ ఉన్న ముఖం ముఖ్యం" అనెను.

కాలనిర్ణయమునకు శిలాశాసనములకంటె మా మేనత్త గట్టి ఆధారము. మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము 1955 లో పనిచేయ నారంభించిన కొన్నేండ్లకు మా యింటికి కరెంటు వచ్చినది. ఆనాటి ప్లగ్గులెట్లుండెడివని అడుగగా ఆమె పకపక నవ్వి, "ప్లగ్గులెక్కడివిరా అప్పుడు! హాల్లో ఒక దీపం, వంటింట్లో ఒక దీపం. మీ తాతయ్య రేడియో కొన్నాక, బల్బు తీసేసి ఆ హోల్డరుకే తీగ తగిలించేవారు. వార్తలు కావాలంటే చీకట్లో కూర్చోవాలి, వెలుతురు కావాలంటే వార్తలు మానుకోవాలి" అని సెలవిచ్చెను. ఆ తరువాత టూ పిన్ సాకెట్టొకటి వెలసెనట. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పగిలినది మొదలు, వైరుకొసలను ఆ రంధ్రములలో దూర్చి అగ్గిపుల్లలతో బిగించు విద్య మా యింట రెండు తరములు వర్ధిల్లెను. చారిత్రక సత్యమును అక్షరాల పాటింపదలచిన శాస్త్రజ్ఞుడెవడైన నున్నచో, వాడు కొనవలసినది బేకలైట్ సాకెట్టు గాదు, అగ్గిపెట్టె. రాజమహేంద్రవరమున స్మారకముగా నిలిపిన కందుకూరి వీరేశలింగంగారి యింట ఒక ఫ్యాను బిగింపవలసివచ్చినవానికిని ఇదే ధర్మసంకటము. 1919 లో గతించిన మహనీయుని గోడకు ఏ కాలపు స్విచ్చి ఒప్పును? పంతులుగారే యుండినచో, పనికివచ్చునదే ఒప్పునని ఒక వ్యాసము వ్రాసి, దానిని ఖండించినవారిపై ప్రహసనమొకటి వ్రాసి యుందురు.

కరెంటు మేస్త్రి ఈ వాదముల జోలికి రాలేదు. టేకుబద్దలమీద రేకు క్లిప్పులతో పరచిన పాత వైరింగును ఊడబెరికి నేలమీద పడవేయగా, తీగలపై రబ్బరు పెళుసెక్కి పొడిగా రాలినది. "అందం సంగతి మీరు చూసుకోండి బాబుగారూ, ఎర్తు సంగతి నేను చూస్తాను. పాత బోర్డులకి ఎర్తు బొత్తిగా లేదండి. ఇత్తడి స్విచ్చిలంటున్నారు, ఆ ఇత్తడిక్కూడా ఎర్తు లాగాల్సిందేనండి" అని చెప్పి, త్రీ పిన్ ప్లగ్గును పైకెత్తి, దాని మీది పిన్ను లావుగను పొడవుగను ఉండుట మొదట ఎర్తును తాకి ఆ మీదటనే కరెంటును తాకుటకని నాకు విద్యాదానము చేసెను. లోపల రెక్కలు గలిగి, ఆ పొడవుపిన్ను దూరిననే తెరచుకొను సాకెట్లు తప్ప వేరొకటి తాను బిగింపననెను. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినంతనే ఇల్లంతయు ఆర్పివేయు బ్రేకరు నొకదానిని జేబులోనుండి తీసి చూపెను. మా అగ్గిపుల్ల విద్య ఆ పూటతో అంతరించినది.

అసలు కథ ఎత్తు దగ్గర వచ్చినది. ఇంగ్లండు పుస్తకములో సాకెట్లన్నియు నేలకు జానెడెత్తున నున్నవి; పటములోను అట్లే గీయబడినవి. మేస్త్రి పటమును మడచి నా చేతికిచ్చి, హాలు గోడపై నా గుండె యెత్తున నున్న మట్టిచారను వ్రేలితో చూపెను. అది 1986 ఆగస్టు నాటిది. భద్రాచలమున గోదావరి 75.6 అడుగులకు చేరి, ధవళేశ్వరమును 35 లక్షల క్యూసెక్కులతో దాటిన వరద మా గోడపై చేసిన సంతకము. దానిపై మరల సున్నము వేయనీయక కాపాడుచున్నది మా మేనత్త. "గోదారి గీత ఇదిగోనండి. 2022 లో కూడా భద్రాచలం దగ్గిర డెబ్బయ్యొకటి దాటింది కదండి. దీని కింద ప్లగ్గు పెట్టేది నేను కాదండి, ఆయ్!" ఆ పుస్తకము వ్రాసినవారెవరో గాని గోదావరిని ఎరుగరు. 24 పంపులతో క్షణమునకు 8,500 ఘనపుటడుగుల నీటిని కృష్ణకు తోడగల ఎత్తిపోతల పథకమున్న ఊరిలో, 6 ఆంపియర్ల సాకెట్టు ఎత్తునకై మాకు రెండు పూటల భోజనము ఆలస్యమైనది.

తుదకు సాకెట్లు వెలసినవి. ముఖము గోధుమరంగు, దిమ్మ టేకు, కడుపులో ఎర్తు, నివాసము గోదావరి గీతకు పైన. అందరును సంతోషించిరి. మా మేనత్త మాత్రము దీపమును టీవీని ఒక్కసారి వెలుగుట చూచి, ఇంత దుబారా తగదనెను. రాత్రి చార్జింగునకు పెట్టిన సెల్‌ఫోన్లు నేలనంటక, నడుమెత్తున తీగలకు వ్రేలాడజొచ్చినవి. వాని క్రింద ఒక చిన్న అర అవసరమని మరునాడు వడ్రంగిని పిలిపించితిమి. అతడు కొలత తీసికొని, పెన్సిలు చెవిపై పెట్టి, "ఏ కాలం మోడల్లో చెయ్యమంటారండి?" అని అడిగెను. ఆర్కిటెక్టు అప్పటికే పుస్తకము కొరకు లోపలికి పోయెను.