చోకు మీది శాసనానికి టీకా తాత్పర్యాలు

మూలం: 230 వో. 50 హె. 40 వా. 0.43 ఆం. కాస్ ఫై 0.5

అవతారిక: ఇది ట్యూబులైటు పట్టీలో ఉండే పాత రాగి చోకు నెత్తిన అంటించిన చీటీ. కర్త అజ్ఞాతుడు. క్రియ లేదు, విభక్తులు అసలే లేవు. దుమ్ము తుడిచి, బల్లిగుడ్ల పెంకులు దులిపితే గాని అక్షరం కనబడదు.

ప్రతిపదార్థం: 230 వో. = రెండువందల ముప్ఫై వోల్టులుండి; 50 హె. = సెకనుకు యాభై ఆవృత్తులు తిరిగే ఏసీ లైను మీద (డీసీ మీద పనికిరాదని ధ్వని); 40 వా. = నలభై వాట్ల ట్యూబుకు; 0.43 ఆం. = అర ఆంపియరుకు కాస్త తక్కువ కరెంటును; ఇచ్చును అని అధ్యాహారం. కాస్ ఫై 0.5 = పవర్ ఫ్యాక్టర్, అంటే వోల్ట్ ఆంపియర్లలో వాట్ల వంతు, సగం. తక్కిన పదాలు ఏ ఎలక్ట్రీషియనుకైనా కంఠతా వచ్చు. చిక్కంతా ఈ చివరి పదంతోనే.

తాత్పర్యం: వెలిగిన ట్యూబుకు అదుపు తెలియదు. కరెంటు పెరిగేకొద్దీ ఇంకా పెరగనిస్తుంది, వదిలేస్తే మాడిపోతుంది. దాన్ని పట్టి ఆపేది చోకు. ఇనుప రేకుల మీద ఎనామిల్ పూసిన రాగి తీగ చుట్టలు, అంతే. కరెంటు మారితే అందులోని అయస్కాంత క్షేత్రం మారుతుంది. ఆ క్షేత్రం కరెంటు మార్పుకే ఎదురు తిరిగే వోల్టేజీని పుట్టిస్తుంది. ఈ ఎదురే ఇండక్టివ్ రియాక్టెన్స్. ఫ్రీక్వెన్సీ పెరిగితే పెరుగుతుంది. డీసీలో ఫ్రీక్వెన్సీ సున్న గనుక అక్కడ చోకు ఉత్త తీగ.

పూర్వపక్షం: ఆపడమే పనైతే ఓ రెసిస్టెన్స్ పెడితే పోదా? పోదు. ట్యూబు వాడుకునేది సుమారు వంద వోల్టులు. మిగిలిన 130ని రెసిస్టెన్స్ మీద వేస్తే యాభై ఆరు వాట్ల వేడి పుడుతుంది. దీపం కంటే పొయ్యి పెద్దదవుతుంది. చోకు ఆ పనిని పది వాట్లతో గట్టెక్కిస్తుంది.

గణితం: 230ని 0.43తో భాగిస్తే 535 ఓములు. ఇదే ఇంపెడెన్స్, ఆ పేరు 1886లో ఆలివర్ హెవిసైడ్ పెట్టాడు. ట్యూబును ఉత్త రెసిస్టెన్స్‌గా ఎంచితే, కాస్ ఫై ప్రకారం అందులో సగం, 267 ఓములు, రెసిస్టెన్స్. మిగతా సగం రియాక్టెన్స్ అనుకున్న శిష్యుడు తప్పాడు. అది 463. రెండూ కూడితే 730 అవుతుందే అని అడిగితే, వాటిని అలా కూడకూడదు. ఒకదానికొకటి లంబంగా నిలిచిన భుజాలవి, కర్ణం కట్టాలి. బౌధాయన శుల్బసూత్రం తిరగేసినవాడికి ఇది కొత్త కాదు. ఇలాంటి లెక్కలన్నిటినీ సంకీర్ణ సంఖ్యల్లోకి దించి స్టైన్‌మెట్జ్ 1893లో షికాగో విద్యుత్ సభకు సమర్పించాడు. ఇంజనీర్లు అప్పటినుంచి కాస్త ఊపిరి పీల్చుకున్నారు.

రసచర్చ: వోల్టేజీ ముందు వస్తుంది, కరెంటు 60 డిగ్రీలు (కాస్ 60 = 0.5) వెనకబడుతుంది. అంటే సెకనులో మూడువందలవ వంతు ఎడబాటు. ఇది విప్రలంభ శృంగారమని రసజ్ఞులు తల ఊపవచ్చు. నేను ఒప్పుకోను: నాయకుడు రోజూ ఒకే లెక్కన ఆలస్యంగా వస్తే అది విరహం కాదు, అలవాటు.

విశేషం: ట్యూబు మీద 40 అని ఉంటుంది. చోకు వేడి కలుపుకుని మీటరు 50 చదువుతుంది. ఇరవై గంటలకో యూనిట్. తీగ మోసేదేమో 99 వోల్ట్ ఆంపియర్లు. మూడూ నిజమే. వాట్లకెక్కని ఆ భారం ఖర్చు కాదు. ప్రతి ఆవృత్తంలో రెండుసార్లు అయస్కాంతంలో దాగి, మళ్లీ లైనులోకి వస్తుంది. ఇంటి మీటరు యూనిట్లే లెక్కిస్తుంది గనుక బిల్లులో కనబడదు. తీగ మాత్రం ఊరికే మోయదు: కరెంటు రెట్టింపైతే దాని వేడి నాలుగు రెట్లు. పట్టీలో నాలుగు మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి కలిపితే ఈ రాకపోకలు చాలావరకు అక్కడే తెమిలి, లైను కరెంటు లెక్క ప్రకారం 0.43 నుంచి సుమారు 0.23కు దిగుతుంది. చవకబారు పట్టీల్లో ముందు ఎగరగొట్టేది దాన్నే.

పాఠకులకు మనవి: ఎల్‌ఈడీ ట్యూబుకు ఈ చోకు అక్కర్లేదు. పాత పట్టీలో కొత్త ట్యూబు బిగించే ముందు మెయిన్ కట్టేసి, డబ్బా మీది కనెక్షన్ బొమ్మ ప్రకారం చోకునూ స్టార్టరునూ ఎలక్ట్రీషియను చేత తప్పించండి.