వరుస కలిస్తేనే జత

నేను ఆవు క్లోమంలో తయారయ్యే రైబోన్యూక్లియేజ్‌ను. పేగుల్లోకి వచ్చే ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేయడం నా వృత్తి. లైసీన్‌తో మొదలై వాలీన్‌తో ముగిసే 124 ఎమైనో ఆమ్లాల ఒంటి గొలుసు నా ఒళ్ళు. ప్రతి అతుకు దగ్గరా ఒక నీటి అణువు వీడిపోతుంది కనుక, నా పుట్టుకకు 123 నీటి అణువులు జారిపోయాయి. ప్రోటీన్లు వాడుకునే 20 రకాల్లో ట్రిప్టోఫాన్ నాలో లేనే లేదు. దాని లోటూ లేదు. అయితే గొలుసు కట్టగానే ప్రోటీన్ అయిపోదు, తనదైన తీరులో మడతపడాలి. ఆ మడత నాకెవరూ నేర్పలేదు, నా ఎమైనో ఆమ్లాల వరుసలోనే ఉందన్నది నా వాదన.

అమెరికాలో క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ బృందం నన్ను మడత విడగొట్టే యూరియాలో ఉంచి, మెర్‌కాప్టోఇథనాల్‌తో నా నాలుగు గంధకపు ముడులూ విప్పింది. నా పని ఆగిపోయింది. ఆ రెండింటినీ తీసేసి గాలి తగలనిస్తే ముడులు మళ్ళీ పడ్డాయి, పని దాదాపు పూర్తిగా తిరిగొచ్చింది. ఆ ముడులు వేసే నా ఎనిమిది సిస్టీన్లు జతకట్టడానికి 105 మార్గాలున్నాయి, నాకు పనికొచ్చేది ఒక్కటే. యూరియా తీయకుండా ముడులు పడనిస్తే జతలు ఇష్టమొచ్చినట్టు కుదిరి, పని సుమారు ఒక శాతమే మిగిలింది. మీ పెళ్ళిళ్ళ భాషలో చెప్పాలంటే వరుస కలవని జతలవి. తర్వాత యూరియా తీసి, మెర్‌కాప్టోఇథనాల్ రవ్వంత చేరిస్తే, తప్పు ముడులు వీడి సరైనవి పడ్డాయి.

పాత మడత ఆనవాలు ఎక్కడో మిగిలే ఉంటుందని అనవచ్చు. న్యాయమైన అనుమానమే. కానీ 1969లో గట్టే, మెరిఫీల్డ్ ఆవు ఊసే లేకుండా, ఒక్కో ఎమైనో ఆమ్లాన్నే తగిలిస్తూ నన్ను కట్టారు. మడత ముఖమే ఎరగని ఆ గొలుసు, నా అంత చురుగ్గా కాకపోయినా, ఆర్‌ఎన్‌ఏను కోసింది. మరి ఉడికిన గుడ్డు చల్లారాక మళ్ళీ పచ్చిసొన కాదేం? అక్కడ వరుస చెరగలేదు. ఇరుకులో విప్పుకున్న గొలుసులు ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయి. కణంలోనూ ఇరుకే, అందుకే షాపరోన్లనే తోడు ప్రోటీన్లున్నాయి. వాటి సాయం లేకుండా ఎన్నో గొలుసులు నిలదొక్కుకోలేవని ఒప్పుకుంటాను. కానీ అవి చిక్కుపడకుండా కాస్తాయే తప్ప, ఏ మడత వేయాలో చెప్పవు. నా వాదన నిజంగా తడబడేది ప్రయాన్లనే ప్రోటీన్ల దగ్గర: అక్కడ ఒకే వరుసకు రెండు రూపాలు.

నా మాటకొస్తే, మరిగించి చల్లార్చినా మళ్ళీ మడతపడి పనిలోకి దిగుతాను. మీ చర్మం మీద కూడా మా బంధువులుంటారు. ప్రయోగశాలలో ఆర్‌ఎన్‌ఏ సీసా ముట్టే ముందు గ్లౌజులు తొడుక్కోండి.