పై అంతస్తుకు ఇంటర్వ్యూ లేదు

న్యూయార్క్‌లోని ఐక్యరాజ్య సమితి సచివాలయంలో ఓ మధ్యస్థాయి ఉద్యోగం ఖాళీ అయిందనుకోండి. మానవ వనరుల విభాగం వారు వెంటనే రంగంలోకి దిగుతారు. ఈ ‘వెంటనే’ సమితి పంచాంగం ప్రకారం. ఒక మనిషిని చేర్చుకోవడానికి సగటున 213 రోజులు పడుతోందని 2016లో ఆంథొనీ బాన్‌బరీ కొలువు వదిలేస్తూ న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. ఆయనేమీ బయటి విమర్శకుడు కాదు. పశ్చిమాఫ్రికాలో ఎబోలా మీద పోరుకు సమితి పెట్టిన అత్యవసర మిషన్‌కు తొలి అధిపతి. వైరస్‌కు హెచ్చార్ విభాగం లేదు గనక అది తన పని తాను చకచకా చేసుకుపోయింది.

ఇంతకీ ఆ 213 రోజులూ ఏం చేస్తారు? ముందు ‘ఇన్‌స్పైరా’ అనే పోర్టల్‌లో అభ్యర్థి తన పుట్టుపూర్వోత్తరాలన్నీ ఎక్కించాలి. తర్వాత రాతపరీక్ష, ఆపైన యోగ్యతల ఇంటర్వ్యూ. పెళ్లిచూపుల్లో అయితే ఒక పాట పాడించుకుని వదిలేస్తారు. ఇక్కడ పాడిన సందర్భం, అప్పుడెదురైన సవాలు, దాన్నుంచి నేర్చుకున్న పాఠం వరుసగా ఒప్పజెప్పాలి.

అన్నీ గట్టెక్కినా దేశం లెక్క ఒకటుంది. ఏ దేశానికి ఎన్ని పోస్టులు సబబన్నది తేల్చే సూత్రంలో కట్టిన చందాకు 55 పాళ్లు, సభ్యత్వానికి 40, జనాభాకు 5. సమితి చార్టర్ మొదలయ్యేది ప్రజల పేరుతోనే. పంపకాల దగ్గర ఆ ప్రజల వాటా అయిదు పాళ్లు. నూట నలభై కోట్లు దాటిన మనం అందులోనే సర్దుకుని కూర్చోవాలి.

ఇంకాస్త కిందికి దిగితే ఇంటర్న్‌లు కనిపిస్తారు. వీళ్లకు అనుభవమే జీతం. 2015లో జెనీవాలో అద్దె కట్టలేనంటూ ఓ న్యూజీలాండ్ కుర్రాడు సరస్సు ఒడ్డున గుడారం వేసుకున్నాడు. సంగతి పేపర్లకెక్కాక ఇంటర్న్‌షిప్పే వదులుకున్నాడు.

ఇక పైకి వెళ్దాం. సిబ్బంది ఎంపికలో సామర్థ్యం, యోగ్యత, నిజాయితీలే అన్నిటికన్నా ముఖ్యమని చార్టర్ 101వ అధికరణం చెబుతుంది. ఆ ప్రకారమే ప్రపంచమంతా గాలించగా, శాంతి పరిరక్షణ విభాగం నడపగలవాళ్లు 1997 నుంచీ ఒక్క ఫ్రాన్స్‌లోనే దొరుకుతున్నారు. 2007 నుంచి మానవతా సాయం చూసే దక్షత బ్రిటన్‌లో, రాజకీయ వ్యవహారాల నేర్పు అమెరికాలో, ఆర్థిక సామాజిక జ్ఞానం చైనాలో మాత్రమే పండుతున్నాయి. వీటో ఉన్న నేలలో సారం ఎక్కువ కాబోలు! ఏ పదవీ ఏ దేశానికీ గుత్తసొత్తు కాకూడదని సర్వప్రతినిధి సభ ఎప్పుడో తీర్మానించింది. ఆ తీర్మానం ఇప్పటికీ ఫైల్లో క్షేమంగానే ఉంది.

అన్నిటికన్నా పెద్దదైన ప్రధాన కార్యదర్శి కుర్చీకి పోర్టలూ లేదు, రాతపరీక్షా లేదు. ఈమధ్య అభ్యర్థుల్ని సభ ముందుకు పిలిచి బహిరంగంగా ప్రశ్నలడుగుతున్నారు, ముచ్చటగానే ఉంటుంది. ఎంపిక మాత్రం భద్రతా మండలి తలుపులు మూసుకుని చేస్తుంది. అక్కడ ప్రోత్సహిస్తాం, ప్రోత్సహించం, అభిప్రాయం లేదు అని మూడు గడులున్న చీటీలు పంచుతారు. 2016లో చివరి విడతకొచ్చేసరికి వీటో దేశాల చీటీలకు వేరే రంగు కూడా వేశారు. ‘ప్రోత్సహించం’ అన్నవాళ్లు ఎందుకో చెప్పనక్కర్లేదు. ఆ కుర్చీకి గుటెరస్ దాకా తొమ్మిది మంది ఎంపికయ్యారు, తొమ్మిది మందీ మగవాళ్లే. కింది అంతస్తుల్లో ఆడవాళ్లకు సగం వాటా ఎప్పటికి దక్కుతుందో లెక్కలు కట్టే పని హెచ్చార్ విభాగానికి అప్పగించారు.