మూడు కొటేషన్లు, ఒక నోబెల్

పరిశోధనకు ఈ దేశంలో డబ్బుల్లేవని ఎవరైనా అన్నారంటే వాళ్ళు పేపరు చదవడం మానేశారని అర్థం. 2023 ఆగస్టులో పార్లమెంటు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం చేసింది. ఐదేళ్ళకు 50 వేల కోట్లంది. 2024 నవంబరులో అంతర్జాతీయ జర్నళ్ళ చందాలకని కేబినెట్ మూడేళ్ళకు 6 వేల కోట్లు ఒప్పుకుంది. 2025 జులైలో ఏకంగా లక్ష కోట్ల పథకానికి సరే అంది. ఇన్ని కోట్లు కళ్ళముందు పారుతుంటే, యూనివర్సిటీ ల్యాబులో పిపెట్ టిప్పులు అయిపోయాయని సణిగేవాణ్ణి దేశద్రోహి అనకపోవడం సర్కారు మంచితనమే.

అసలు లెక్క అడిగితే మాత్రం గొంతు తగ్గుతుంది. జాతీయాదాయంలో రెండు శాతం పరిశోధనకు పెడతామని 2003 శాస్త్ర విధానం చెప్పింది, అదీ 2007లోగానే. 2013 విధానం మళ్ళీ అదే రెండు శాతం అంది. మధ్యలో ఒకసారి 0.8 దాకా ఎగబాకి, 2020-21 నాటికి 0.64కి దిగొచ్చాం. దక్షిణ కొరియా ఐదు శాతం చుట్టూ తిరుగుతోంది. ఈ రెండు శాతం గారికి ఓ అన్నగారు కూడా ఉన్నారు. విద్యకు ఆరు శాతం అనే ఆయన 1966లో కొఠారి కమిషన్ ఇంట పుట్టాడు. 1968, 1986, 2020 విధానాలు మూడూ వరుసగా ఆయనకు సంబంధం ఖాయం చేశాయి. పెళ్ళి మాత్రం కాలేదు. 2026తో నేరుగా షష్టిపూర్తే.

50 వేల కోట్ల సంగతీ కాస్త విప్పి చూడాలి. అందులో కేంద్రం తన జేబులోంచి తీస్తానన్నది 14 వేల కోట్లు. మిగతా 36 వేల కోట్లు పరిశ్రమలు, దాతలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఇస్తాయట. చైనా, కొరియాల్లో పరిశోధన ఖర్చులో మూడొంతులు కంపెనీలవే. మన దగ్గర మూడో వంతు దాటితే గొప్ప. దశాబ్దాలుగా చెయ్యి బిగబట్టిన ఈ పెద్దమనుషులు చట్టం చదివిన మర్నాడే చెక్కుబుక్కు తెరుస్తారని పద్దు రాసుకున్నవారి ఆశావాదాన్ని మెచ్చుకోవాల్సిందే. ఆలు లేదు చూలు లేదు అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక లక్ష కోట్ల ఆర్‌డీఐ, అంటే రీసెర్చ్, డెవలప్‌మెంట్, ఇన్నోవేషన్ పథకం. ఇది కంపెనీల కోసం. ల్యాబు దశ దాటిన టెక్నాలజీని మార్కెట్లోకి తేవడానికి దీర్ఘకాలపు అప్పు, తక్కువ వడ్డీకి, కుదిరితే వడ్డీ లేకుండానే. ఆలోచన చెడ్డది కాదు. రిస్కు తీసుకోని ప్రైవేటు పెట్టుబడికి కాస్త ధైర్యం నూరిపోయాల్సిందే. అయితే ఇదే ప్రభుత్వం గ్రాంటు తీసుకున్న ప్రొఫెసరుకు పెట్టే నిబంధన ఒకటుంది: గ్రాంటు సొమ్ము బ్యాంకులో పడి ఉన్న రోజులకు వడ్డీ వస్తే, ఆ వడ్డీ పైసలతో సహా ఖజానాకు తిప్పి కట్టాలి. కంపెనీకి వడ్డీ మాఫీ, మేష్టారి దగ్గర వడ్డీ వసూలు. ఎవరిని నమ్ముతున్నారో, ఎవరిని అనుమానిస్తున్నారో ఆ ఒక్క పద్దు చూస్తే చాలు.

ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో లైఫ్ సైన్సెస్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మేడమ్‌ని ఊహించుకుందాం. పేరెందుకు, ప్రతి క్యాంపస్‌లోనూ ఉంటారు. మూడేళ్ళ ప్రాజెక్టు వచ్చింది. శాంక్షన్ ఆర్డరు శ్రావణంలో వస్తే డబ్బు మాఘంలో దిగింది. మార్చి 31 లోగా ఖర్చుపెట్టి యూసీ, అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాలి. లేకపోతే రెండో ఏడాది డబ్బు రాదు. కణాలు మార్చి 31 చూసుకుని పెరగవని ఆవిడకు తెలుసు. ఆడిట్ సెక్షన్‌కి తెలియాల్సిన అవసరం లేదు.

సెంట్రిఫ్యూజ్ కొనాలి. ఆవిడకు కావలసిన మోడల్ తయారుచేసేవి రెండే కంపెనీలు. ఫైలు పట్టుకుని సూపరింటెండెంట్ గారి దగ్గరకు వెళ్ళింది.

“మేడమ్, రెండు కొటేషన్లే ఉన్నాయి.”

“మూడో కంపెనీ లేదండీ.”

“లేదని వాళ్ళ చేత లెటర్‌హెడ్ మీద రాయించుకు రండి.”

ఆయన్ని తిట్టి లాభం లేదు. రేపు ఆడిట్ పేరా పడితే పెన్షన్ ఆగేది ఆయనది. చివరికి ఎల్-1 దొరికింది. అందరికంటే తక్కువ కోట్ చేసినవాడు ఎల్-1, వాడి దగ్గరే కొనాలి. మిషన్ వచ్చింది, తిరిగింది కూడా. రెండో నెలలో శబ్దం మొదలైంది. సర్వీసు ఇంజినీరుకు ఫోన్ చేస్తే, ఎల్-1 గారు ఇప్పుడు ఏసీలు అమ్ముతున్నారు.

న్యాయంగా చెప్పాలంటే ఈ మధ్య ఒక మంచి పని జరిగింది. 2025 జూన్‌లో కేంద్రం పరిశోధన కొనుగోళ్ళకు సర్కారు ఆన్‌లైన్ అంగడి జెమ్ పోర్టల్ తప్పనిసరి అన్న ముడి వదులు చేసింది. కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితి లక్ష నుంచి రెండు లక్షలకు, కమిటీ ద్వారా కొనే పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. నిర్ణయాధికారం డైరెక్టర్లకు, వైస్ చాన్సలర్లకు ఇచ్చారు. పైసా ఖర్చులేని సంస్కరణ ఇది. బహుశా అందుకే దీనికి పెద్ద సభ, బెలూన్లు లేవు. అయితే వైస్ చాన్సలర్‌కు అధికారం ఇవ్వాలంటే ముందు వైస్ చాన్సలర్ అనే మనిషి ఉండాలి. 2024 మేలో తెలంగాణలో పది విశ్వవిద్యాలయాల వీసీల పదవీకాలం ముగిస్తే, అక్టోబరు దాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌చార్జీలు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది ప్రభుత్వం మారాక రాజీనామాలు చేసిన వీసీల కుర్చీల్లో 2025 ఫిబ్రవరి దాకా ఇన్‌చార్జీలే కూర్చున్నారు. ఇన్‌చార్జి గారు సెంట్రిఫ్యూజ్ మీద సంతకం పెట్టి చరిత్రకెక్కుతారా?

ఈ పద్ధతిలో సి.వి. రామన్ గారు 1928లో దరఖాస్తు పెట్టుకుని ఉంటే ఏమయ్యేది? కలకత్తాలో ఆయన వాడిన పరికరాల విలువ దాదాపు 200 రూపాయలంటారు. కాబట్టి కొటేషన్ల గొడవ తప్పేది. చిక్కల్లా సూర్యకాంతితోనే. సప్లయర్ ఒక్కడే. అలాంటప్పుడు ప్రొప్రయిటరీ ఆర్టికల్ సర్టిఫికెట్ కావాలి, ఈ సరుకు ఇంకెవరి దగ్గరా దొరకదని డిపార్ట్‌మెంట్ హెడ్ రాసివ్వాలి. ఆ తర్వాత సూర్యుడికి జీఎస్టీ నంబరు ఉందా అని అడుగుతారు. 1930లో రావలసిన నోబెల్ ఏ నోట్‌షీటు కింద ఇరుక్కునేదో.

జీఎస్టీ అన్నది ఎగతాళికి కాదు. 2024లో ఐఐటీ ఢిల్లీకి నిజంగానే నోటీసు వెళ్ళింది. 2017 నుంచి 2022 దాకా తీసుకున్న పరిశోధన గ్రాంట్ల మీద వడ్డీ, జరిమానాతో కలిపి సుమారు 120 కోట్లు కట్టమని. సర్కారు ఇచ్చిన గ్రాంటు మీద సర్కారుకే పన్ను. దేశమంతా ముక్కున వేలేసుకున్నాక సెప్టెంబరు 9న జీఎస్టీ కౌన్సిల్ మినహాయింపు ప్రకటించింది. అదే ఏడాది జులై బడ్జెట్ ల్యాబ్ రసాయనాల మీద కస్టమ్స్ సుంకం 10 నుంచి 150 శాతానికి పెంచింది. శాస్త్రవేత్తలు గగ్గోలు పెడితే పది రోజుల్లో మళ్ళీ పదికి దించింది. అంతకు రెండేళ్ళ ముందు పరిశోధన సంస్థలు కొనే పరికరాలకున్న ఐదు శాతం జీఎస్టీ రాయితీ ఎత్తేసి 18 చేశారు. అది మాత్రం ఎవరూ దించలేదు. గగ్గోలు సరిపోలేదేమో.

ఇక పిల్లల మాట. జేఆర్ఎఫ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు. కాగితం మీద బాగానే ఉంది. సెంట్రల్ యూనివర్సిటీల్లో నెట్ ఫెలోషిప్ లేని పీహెచ్‌డీ విద్యార్థికి దశాబ్దం దాటినా అదే 8 వేలు. ఇన్‌స్పైర్ ఫెలోషిప్ తీసుకునేవాళ్ళు నెలల తరబడి డబ్బు రాలేదని 2025లో సోషల్ మీడియాలో మొత్తుకున్నారు. పథకానికి ఆ పేరు పెట్టినవారికి హాస్యప్రియత్వం దండిగా ఉంది. హబ్సిగూడలో ఓనర్ ఆంటీ ఒకటో తారీఖున తలుపు కొడితే, “సాంకేతిక కారణాల వల్ల, ఆంటీ” అని చెప్పడానికి కుర్రాడు సీసీఎంబీలో డీఎన్‌ఏ చదవక్కర్లేదు.

పాత ఫండింగ్ బోర్డు సెర్బ్ గ్రాంట్లలో 65 శాతం దాకా ఐఐటీలకు, 11 శాతం రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు వెళ్ళేవని కొత్త ఫౌండేషన్ పెట్టేటప్పుడు అధికారులే చెప్పారు. దేశంలో ఉన్నత విద్య చదివే పిల్లల్లో 81 శాతం ఉన్నది రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో, వాటిలో 40 శాతానికి పైగా అధ్యాపక పోస్టులు ఖాళీ అని నీతి ఆయోగ్ 2025 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ఖాళీ కుర్చీకి ఎంత గ్రాంటిచ్చినా ప్రయోగం చెయ్యదు. ఉస్మానియాకు నూరేళ్ళు దాటాయి, ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ నిండాయి. శతాబ్ది ఉత్సవాల ద్వారాలు కట్టినంత చురుగ్గా నియామకాల నోటిఫికేషన్లు రావు.

కాబట్టి ఢిల్లీ పెద్దలకూ, ఇక్కడి రెండు సచివాలయాలకూ ఒకటే విన్నపం. కొత్త పథకం పేరు వెతకడం ఓ ఏడాది ఆపండి. ప్రాజెక్టు డబ్బు ఏప్రిల్‌లో వెయ్యండి, పోస్టులు నింపండి, ఫెలోషిప్ ఒకటో తారీఖున ఖాతాలో పడేట్టు చూడండి. వడ్డీ కావాలంటే మీరే ఉంచుకోండి.