పవ్వళింపు పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: 1978లో హవాయి దీవులలో 15 మంది మొదలుపెట్టి 12 మంది ముగించిన ఐరన్‌మ్యాన్ పోటీకి సగము కొలత గలది 70.3. ఆ సంఖ్య ఈత, సైకిలు, పరుగుల మొత్తపు మైళ్ల లెక్క. మన దేశమున అది 2019లో గోవాలోని మిరామార్ తీరమున తొలిసారి జరిగినది. అట్టి పోటీకి వారము మిగిలియుండగా, మరొక ముప్పది కిలోమీటర్లు పరుగెత్తి వత్తునని బయలుదేరిన శిష్యుని వాకిట నిలువరించి గురువు పలుకుచున్నాడు.

ఆ. ఈత కొట్టి వచ్చి యిరుచక్రమును దొక్కి
పరువులిడెడు వీర! పవ్వళింపు;
కొత్త జోడు వలదు, కొత్తకూడు వలదు,
చివరి వారమందు జేత చేటు!

ప్రతిపదార్థము: ఈత కొట్టి = సముద్రమున 1.9 కిలోమీటర్లు ఈది; వచ్చి = ఉప్పునీరు మ్రింగియు ప్రాణములతో ఒడ్డు చేరి; ఇరుచక్రమును = సైకిలును; తొక్కి = 90 కిలోమీటర్లు నడిపి; పరువులిడెడు = అంతటితో తనివి తీరక 21.1 కిలోమీటర్లు పరుగెత్తునట్టి; వీర = ఓ శూరుడా!; పవ్వళింపు = పండుకొనుము; కొత్త జోడు = పెట్టె విప్పని బూట్లు; వలదు = తగదు; కొత్తకూడు = ఎన్నడును కడుపు ఎరుగని తిండి, ఉచితముగా పంచిన ఎనర్జీ జెల్లుతో సహా; వలదు = కూడదు; చివరి వారమందు = పోటీకి ముందటి ఏడు దినములలో; చేత = అతిగా చేయుట; చేటు = నష్టము.

తాత్పర్యము: చేయవలసినది ఇదివరకే చేసితివి. ఇక ఊరకుండుము.

వ్యాఖ్య: 'పవ్వళింపు' అనగా వారమంతయు మంచము దిగకుండుట అని కొందరి మతము. అది సరి కాదు. ఇది లక్ష్యార్థము. సాధన దూరమును దాదాపు సగమునకు తగ్గించి, వేగమును మాత్రము తగ్గింపకుండుట దీని భావము. దీనినే శిక్షకులు టేపరింగ్ అందురు. చిన్న ఈత, చిన్న సైకిలు సవారీ, నడుమ నాలుగు వడి పరుగులు చాలును.

"సాధన తగ్గించిన సంపాదించిన బలము కరగిపోదా?" అని పూర్వపక్షము. కరగదు. బలము శ్రమలో రాదు, శ్రమ పిమ్మటి విశ్రాంతిలో వచ్చును. నేటి శ్రమకు ఫలము రావలెనన్న వారము చాలదు. అలసట మాత్రము రేపే వచ్చును. విశ్రాంతి దినములలో ఎన్నడును లేని మోకాలినొప్పి, గొంతు గరగర తోచుట సహజము. అవి చాలవరకు ఖాళీగానున్న మనస్సు చేయు అల్లరి.

'కొత్తకూడు వలదు' అనుటచే పాతకూడు వలయునని ధ్వని. పోటీకి ముందటి ఒకటిన్నర, రెండు దినములు కిలో బరువునకు దినమునకు 10 గ్రాముల వంతున పిండిపదార్థము తినుమని పోషణశాస్త్రము. 60 కిలోలవానికి 600 గ్రాములు. దానిని అన్నముతోనే పూరింపదలచినచో వండిన అన్నము రెండు కిలోల పైమాట! తెలుగువానికి ఇంతకంటె ప్రియమైన శాసనము లేదు. అయితే నూనె, కారము, పీచు తగ్గింపవలెను. ఆవకాయ లేని రెండు కిలోల అన్నమే ఈ పోటీలో నాలుగవ పరీక్ష. తిన్న పిండిపదార్థము గ్లైకోజెనుగా కండరములలో చేరును; దాని ప్రతి గ్రాము సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి యుంచును గనుక తూకము పెరుగును. బెదరరాదు.

పాఠాంతరము: 'కొత్త గేరు వలదు' అని సైకిలు మెకానిక్కుల ప్రతి. రెండు పాఠములును ఆటవెలదికి సరిపోవును. ఈ పాఠమును త్రోసిపుచ్చినచో ఛందస్సు చెడదు, సైకిలు చెడును.

అపవాదములు: 'చేత చేటు' అనుటకు మినహాయింపులు కలవు. కాలిగోళ్లు తీసుకొనుట, బ్రేకులు చూచుకొనుట, నీటినుండి సైకిలు చోటికి దారి నడచి గుర్తుపెట్టుకొనుట అనునవి చేయదగినవి. సైకిలును తాకుటకు ముందే హెల్మెట్ పట్టీ బిగింపవలెనను నియమమును ఇంటి వద్దనే అభ్యసింపవలెను. ముందటినాడే సైకిలును అప్పగించుచో చక్రములలో గాలి నిండుగా నింపరాదు. ఎండకు ట్యూబు పేలవచ్చును. తెల్లవారి నింపుకొనుట మేలు. నిద్ర విషయమున రెండు రాత్రుల ముందటి నిద్రయే నమ్మదగినది. చివరి రాత్రి ఎట్లును పట్టదు.

అలంకారము: 'వీర! పవ్వళింపు' అనుట విరోధాభాసము. రసము పైకి వీరము, లోపల భయానకము.

ఫలశ్రుతి: ఈ పద్యము పఠించిన పతకము వచ్చునని మేము చెప్పము. చివరి వారమున శ్రమించి బలము పెంచుకొనుట ఎవ్వరి తరమును కాదు. ఉన్నది పోగొట్టుకొనుట మాత్రము అందరికిని సులభమే.